సమ్మె ఆగొద్దనుకున్న ఇల్లు

ఆ ఏడు బతుకమ్మకు ముందు మొదలైన సకల జనుల సమ్మె దీపావళి గడప దాకా వచ్చి ఆగింది. బస్సులు ఆగాయి, బడులు ఆగాయి, బొగ్గు ఆగింది. బొగ్గు ఆగేసరికి కరెంటూ ఆగింది. ఇదంతా ఎప్పుడు ఆగుతుందా అని ఊరు ఊరంతా ఎదురుచూస్తుంటే, ఇది ఆగకుండా ఉంటే బాగుండునని కోరుకున్న ఇల్లు హఫీజ్‌పేటలో ఒకటుంది. అది మా చెల్లెలిది. ఆ మేడ మీద కిరాయికి ఉండేవాణ్ణి కాబట్టి నాకు తెలుసు.

మాది నంద్యాల. ప్లాట్లు అమ్మి పెట్టడం నా పని. ప్లాట్లకీ పాట్లకీ ఎంత దగ్గరి చుట్టరికమో ఆ సమ్మె కాలంలోనే తెలిసొచ్చింది, ఎందుకంటే విడిపోతుందో కలిసుంటుందో తెలియని ఊళ్ళో జానెడు జాగా కొనే ధైర్యం ఎవడికీ లేదు. ఏమయ్యా దిగులుగా ఉన్నావంటే, సీమవాణ్ణి కదా, సీమచింత అనేవాణ్ణి. చెల్లెలు లావణ్య హైటెక్ సిటీలో ఓ కంపెనీలో మేనేజరు. హైటెక్కంటే ఎత్తయిన టెక్కని నేననేవాణ్ణి గానీ, పిల్లకి ఎత్తయిన కుర్చీ ఉండేది తప్ప టెక్కు ఉండేది కాదు.

దాని మొగుడు ఐలయ్య. పుట్టింది నానక్‌రామ్‌గూడలో, టవర్లు ఇంకా పుట్టకముందు. కూకట్‌పల్లి కోర్టులో వకీలు. అంతకుముందు ఇండియా తరఫున రగ్బీ ఆడినవాడు.

రగ్బీ అంటే ఏమిటని అడిగిన ప్రతివాడికీ నేను ఒకటే చెప్పేవాణ్ణి: రగడకి బీ-ఫారం ఇచ్చి పోటీలో నిలబెడితే అదే రగ్బీ. బావ ఫౌజులో చేరి పుణెలో ఉండగా, ఆ ఆటకి మన దేశంలో ఒక జట్టంటూ కొత్తగా కూడుతున్న రోజులవి. ఈయన మెడ లావు చూసి పిలిచారట. అందులో స్క్రమ్ అని ఒకటుంది. ఎనిమిది మంది భుజాలు భుజాలు పెనవేసుకుని, తలలు వంచి, ఎదురుగా అలాగే వంగి నిలబడ్డ ఎనిమిది మందిని తోస్తారు. బావది ముందు వరస. అంటే వెనక నుంచి మనవాళ్ళ బరువు, ముందు నుంచి పరాయివాళ్ళ బరువు, మధ్యలో ఈయన తల. అలా సింగపూరు, బ్యాంకాకు, కొలంబో తలతో తోసుకుంటూ తిరిగొచ్చి, మోకాలు విరిగాక ఫౌజు వదిలి లా చదివాడు. వకీల్లో కీలుండాలి బావా, నీకు ఆ కీలే లేదంటే పడీ పడీ నవ్వేవాడు. నవ్వితే, మైదానాల్లో రాపిడికి కాల్చిన అప్పడాల్లా ముడుచుకుపోయిన రెండు చెవులూ ఎర్రగా అయ్యేవి.

సమ్మె మొదలవగానే కూకట్‌పల్లి వకీళ్ళు కోర్టు గేటు ముందు టెంటు వేశారు. ముందు నిలబడ్డది మా బావే. ముందు వరస ఆయనకి అలవాటు. లోపలికి ఎవరూ పోవద్దన్నది వాళ్ళ కట్టుబాటు. మూడో రోజో నాలుగో రోజో విశ్వేశ్వరరావుగారు కారు దిగారు. ఆయనది గుడివాడ వైపు, ఉండేది కేపీహెచ్‌బీలో. ముప్ఫై ఏళ్ళుగా ఆ కోర్టులోనే ప్రాక్టీసు. ఎవరిదో బెయిలు, ఒక్క సంతకం పెట్టి వచ్చేస్తానండీ అన్నారు. బావ గేటుకి అడ్డంగా నిలబడి ఆయన చేతి మీదున్న నల్లకోటు తీసి కారు బానెట్టు మీద పరిచాడు. "మీ కోర్టు బెజవాడల ఉన్నది సార్, అక్కడికి పోండ్రి" అన్నాడు. టెంటు కింద అందరూ చప్పట్లు కొట్టారు. విశ్వేశ్వరరావుగారు కోటు మడతపెట్టుకుని కారెక్కారు. నేను టెంటు పక్కన టీ తాగుతూ చూస్తున్నాను. టీ చల్లారిపోయింది.

సమ్మె సంగతి లావణ్య నన్ను మొదట అడిగింది దానికి రెండు రోజుల తర్వాత. మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆఫీసుకి వెళ్ళే దారులన్నీ ఆ రోజు మూసేశారు కాబట్టి ఇంటి నుంచే పని చేస్తోంది. లాప్‌టాప్‌లో చార్జింగు అయిపోయి మెట్ల మీద కూర్చుంది.

"అన్నా, ఈ సమ్మె ఇంకా ఎన్నాళ్ళు జరుగుతాదంటావు?"

కరెంటు గురించి కరెంటు వాళ్ళనడగాలి, ఇవన్నీ కరెంట్ అఫైర్సు అన్నాను. నవ్వలేదు. దానికి నా మాటలు నచ్చకపోతే చిన్నప్పుడు మొహం తిప్పుకునేది. ఇప్పుడు తిప్పుకోలేదు కూడా.

"జరగనీ," అంది. "ఇంకా ఎన్ని దినాలైనా జరగనీ."

తర్వాత చెప్పింది. ఆగస్టులో బావ కోర్టు నుంచి బండి మీద బయల్దేరి, ఇంటికి ఎదురు దిక్కున మూసాపేట దాటి, భరత్‌నగర్ దాటి, సనత్‌నగర్ దాకా పోయి, అక్కడి నుంచి ఫోన్ చేశాడట, ఇంటికి ఏ దిక్కు రావాలె అని. పెద్ద డాక్టరుకి చూపించింది. తల లోపల ఫొటోలు తీశారు. ఒక్క దెబ్బ వల్ల కాదు, ఏళ్ళ తరబడి తగిలిన చిన్నచిన్న దెబ్బలన్నీ ఇప్పుడు లెక్క తేల్చుకుంటున్నాయన్నాడు డాక్టరు. మెల్లగా పోవచ్చు, తొందరగానూ పోవచ్చు, వెనక్కి మాత్రం రాదన్నాడు. ఆ మాట విని బావ, దెబ్బ తగలని తల కూడా తలేనా డాక్టర్ సాబ్ అని నవ్వి లేచొచ్చాడట. ఎవరికీ చెప్పొద్దని మా చెల్లెలి చేత ఒట్టు వేయించుకున్నాడు.

"కోర్టు తెరిస్తే ఆయన లేచి నిలబడతాడు. నిలబడినాక మాట రాకపోతే? మాటొచ్చి అది తప్పు మాటైతే? ఆయనకేమైతాదో అని కాదన్నా నా భయం. అది నేను పడతాను. నమ్మి కేసు ఆయన చేతిలో పెట్టినోళ్ళ ఇండ్లు పోతాయి."

మెరుపుకీ మరుపుకీ మధ్య ఒక్క ఎత్వమే తేడా. మెరుపులాంటి మనిషి నుంచి ఆ ఒక్కటీ ఎవరో ఊడబెరికారు. ఈ మాట ఆ పూట నాకు తట్టింది, సిగ్గేసి మింగేశాను.

ఆ రోజు నుంచి సమ్మెను నేను వేరే కళ్ళతో చూడటం మొదలుపెట్టాను. బావ ప్రతి మరుపుకీ అది ఒక సాకు సిద్ధం చేసి పెట్టేది. సమ్మె సంగతి మరిచి పొద్దున్నే కోటు తొడుక్కుని మెడకి బ్యాండ్ కట్టుకుని కోర్టుకి బయల్దేరాడనుకోండి, వకీళ్ళంతా టెంటుకి కోట్లు వేసుకునే వస్తున్నారు. వేరే దారిన పోయి గంట ఆలస్యంగా చేరితే, పాపం ఎక్కడ రాస్తారోకోలో ఇరుక్కున్నాడో అనేవారు. మైకు పట్టుకుని చెప్పిన నినాదమే మూడుసార్లు చెబితే జనం మూడుసార్లూ జై అనేవారు. ఉపన్యాసం మధ్యలో ఆగి ఎటో చూస్తుంటే, గొంతు పూడుకుపోయిందని చప్పట్లు కొట్టేవారు. వాయిదాల తారీఖులు గుర్తులేకపోతేనేం, వాయిదాలన్నీ వాయిదా పడ్డాయి. వాయిదాలో ఇంత ఫాయిదా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

లావణ్య ఆఫీసులో చాలామంది కోస్తా వాళ్ళు. బందు జరిగిన ప్రతి రోజుకీ బదులు ఓ శనివారం పనిచేయాలి. "ఏంటండీ లావణ్యగారూ, మీవారెప్పుడు విరమిస్తారండీ, మా శనివారాలన్నీ మింగేస్తున్నారు" అని ఎత్తిపొడిచేవారట. చెల్లెలు ఏమీ అనకపోయేసరికి, మొగుడితో కలిసిపోయి ఈ సీమ పిల్ల కూడా తెలంగాణ అయిపోయిందనుకున్నారు. వాళ్ళకి అది నిజం చెప్పలేదు, అబద్ధమూ చెప్పలేదు.

నాకు మాత్రం ఒక పని అప్పజెప్పింది. ఆయన ఎక్కడికి పోతే అక్కడికి నా స్కూటరు కూడా పోవాలి. నాగమణి, అంటే నా భార్య, నన్ను చూసి మూతి విరిచేది: ప్లాట్లు లేవుగానీ, బావగారికి డ్రైవరుద్యోగం దొరికిందని.

బతుకమ్మ నడుస్తున్న రోజుల్లో ఓ పొద్దున వకీళ్ళంతా హైటెక్ సిటీకి బయల్దేరారు. కంపెనీల వాళ్ళకి సమ్మె సెగ తగలడంలేదు, ఒక్క పూటైనా ఆ అద్దాల మేడలు మూయించాలని. పెద్ద చౌరస్తాలో పోలీసులు తాడు పట్టుకుని వరసగా నిలబడ్డారు. వెనకే లావణ్య ఆఫీసు. మూడో అంతస్తు అద్దాల దగ్గర జనం మూగి కిందికి చూస్తున్నారు.

తోపులాట మొదలైంది. మామూలు తోపులాటే, రోజూ జరిగేదే. వకీళ్ళు రెండడుగులు ముందుకి, పోలీసులు రెండడుగులు ముందుకి, ఆ తర్వాత అందరూ వ్యానెక్కి మధ్యాహ్నం భోజనం వేళకి బయటికి రావడం. ఆ రోజు బావ ముందుకొచ్చాడు. రెండు చేతులూ చాపి పక్కనున్న ఇద్దరి నడుములు పట్టుకున్నాడు. నడుము వంచాడు. అంత గొంతు ఆయనకుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"బైండ్!" అని అరిచాడు. "గురుంగ్, ఎడమ దిక్కు! దారూవాలా, వెనకకు పో, కిందికి, ఇంకా కిందికి!"

అవి బావ పాత రగ్బీ జట్టువాళ్ళ పేర్లు, వాళ్ళెవరూ అక్కడ లేరు. ఎడమ దిక్కునున్నది చేవెళ్ళ వకీలు, వెనకున్నది వికారాబాదు వకీలు. కానీ ఆ గొంతులో ఏముందో ఏమో, ఎవరికి వాళ్ళు తామే గురుంగు అనుకుని వంగారు. నల్లకోట్లన్నీ కలిసి ఒక్క గట్టి ముద్దయ్యాయి. తలలు దించి తోశారు. తాడు తెగింది. పోలీసుల వరస బంతిపూల దండ తెగినట్టు చెల్లాచెదరైంది. ఒక ఇన్స్పెక్టరు టోపీ పడిపోయినా నవ్వు ఆపుకోలేకపోయాడు. అద్దాల వెనకున్న వాళ్ళంతా ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీశారు. వకీళ్ళు బావని భుజాల మీదికెత్తుకున్నారు. ఐలయ్యన్న జిందాబాద్ అన్నారు.

నేను మూడో అంతస్తు వైపు చూశాను. అందరి చేతులూ పైకున్నాయి. ఒక్క మనిషి చేతులే కిందికున్నాయి. పక్కనున్నవాళ్ళు లావణ్య భుజం తట్టి, మీవారేనాండీ, అదరగొట్టేశారండీ అన్నారని తర్వాత చెప్పింది. అవునన్నదట.

మర్నాడు పేపర్లలో ఫొటో వచ్చింది. అంతర్జాతీయ ఆటగాడి ఆట ఉద్యమంలోనూ సాగుతోందని రాశారు. కానీ ఆ సాయంత్రం కొండాపూర్ దాటాక, స్కూటరు వెనక కూర్చున్న బావ నా చెవి దగ్గర అడిగిన మాట ఎవరూ రాయలేదు.

"బావా, స్కోరెంత?"

నేను స్కూటరు ఆపలేదు.

"సమానం," అన్నాను.

"ఫికర్ లేదు," అన్నాడు. "సెకండ్ హాఫ్ ఉన్నది."

దసరా నాడు కొమురమ్మ వచ్చింది. బావకి ఊరి వరసలో పెద్దమ్మ. వాళ్ళమ్మ పోయాక ఊళ్ళో అన్నం పెట్టిన చేయి ఆమెదే. జమ్మి ఆకు బంగారం తెచ్చి బావ చేతిలో పెట్టింది, నా చేతిలో పెట్టింది, లావణ్యని దగ్గరికి తీసుకుంది. నానక్‌రామ్‌గూడలో ఆమెకి మిగిలింది పెంకుటిల్లూ ముందు ఇంత వాకిలీ. ఆ వాకిట్లోకి పోయే బాట మీద పక్కన టవరు కట్టేవాళ్ళు గోడ లేపబోతే, రెండేళ్ళ కింద బావ కోర్టుకెళ్ళి ఆపించాడు. గోడ లేస్తే ఆమె ఇంటికి దారి లేదు. దారి లేని ఇంటిని ఎవడు ఎంతిస్తే అంతకి ఇచ్చేసి పోవాల్సిందే, వాళ్ళకి కావాల్సిందీ అదే. అవతలివాళ్ళ వాదన సమ్మెకు ముందే అయిపోయింది. జవాబు చెప్పాల్సింది బావ. జవాబు వినగానే జడ్జి తీర్పు రాస్తాడు. కోర్టు తెరవగానే ముందుగా పిలిచే కేసుల్లో అదొకటి.

"నాకు గా కాయితాలు ఎరుకలేదు, కోర్టు ఎరుకలేదు," అంది కొమురమ్మ. "నువ్వు లేసి నిలవడ్డవంటే జడ్జి కూడ సీద కూసుంటడు. గదొక్కటి నాకెరుక."

"నేనే లేస్త పెద్దమ్మా. నువ్వు పరేషాన్ గాకు," అన్నాడు బావ.

లావణ్య టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

ఆ తర్వాత పది పన్నెండు రోజులకి సమ్మె ఒక్కొక్కటిగా వదులుతూ వచ్చింది. ముందు బస్సులు, తర్వాత బడులు. కరెంటు కోత తగ్గింది. ఊరికి ఊపిరొచ్చింది, మా చెల్లెలికి ఊపిరి ఆగింది. కోర్టు తెరుస్తారని తెలిసిన రోజు మొగుడితో మొదటిసారి గొడవపడింది. పైనున్న నాకు వినిపించింది. మానెయ్ అని అది. కొమురమ్మదొక్కటి చేసి మానేస్తానని ఆయన. ఆ ఒక్కటే వద్దంటున్నా అని అది. నీ అసొంటోళ్ళు మా మీద నమ్మకం పెట్టరు అని ఆయన. పెళ్ళయిన పదిహేనేళ్ళలో, ఇంత ఉద్యమం నడిచిన రెండేళ్ళలో, ఆ ఇంట్లో నీ వాళ్ళు మా వాళ్ళు అన్న మాట అదొక్కసారే వినపడింది.

ఆదివారం మధ్యాహ్నం బావ నా గదికి వచ్చాడు. జడ్జిగా కూర్చోమన్నాడు. పెద్ద కేసులకి ముందు ఇది ఆయన అలవాటే. నేను మంచం మీద మఠం వేసుకుని జడ్జినయ్యేవాణ్ణి. తిన్నగా కూర్చో బావా, ఇది కోర్టు, కోటు తగిలించే కొక్కెం కాదు అనేవాడు.

మొదలుపెట్టాడు. మోకాలి నొప్పికి కొద్దిగా పక్కకి ఒరిగి, బొటనవేలు కోటు అంచున పెట్టి. ఊరి నక్షాలో, అంటే సర్కారు పటంలో, ఆ బాట ఉన్నదన్నాడు. నిజాం కాలం నాటి గీత అది, ఇవాళ కాంక్రీటు మిక్సరు వచ్చి చెరిపితే చెరగదన్నాడు. కొమురమ్మ అత్త పెండ్లిపిల్లగా అదే బాటన ఎడ్లబండిలో వచ్చిందన్నాడు. వింటుంటే నాకే ధైర్యం వచ్చింది. డాక్టరు తప్పు చెప్పి ఉంటాడనుకున్నాను. గుమ్మం దగ్గరికి లావణ్య వచ్చి నిలబడింది. దాని మొహంలో కూడా అదే ఆశ.

కింద వీధిలో పాత సామాన్లు కొంటామంటూ బండి మైకు మోగింది. బావ ఆగాడు. బండి వెళ్ళిపోయేదాకా ఆగి మళ్ళీ అందుకున్నాడు.

బాట నక్షాలో ఉన్నమాట నిజమే అన్నాడు. అయితే ఆ బాట మాసిపోయి ఏళ్ళయిందన్నాడు. ఊరివాళ్ళంతా కొత్త రోడ్డున పోతున్నారు, ఈ ఒక్క ఇంటివాళ్ళు మొండికేసినంత మాత్రాన మాసిన బాట బతకదన్నాడు. గోడ తమ సర్వే నంబరులోనే లేస్తోంది, రెండేళ్ళుగా ఆపించి తమ వాళ్ళకి చేసిన నష్టం చాలన్నాడు. చేయి చాపి, ఎదురుగా కొమురమ్మ కూర్చున్నట్టే చూపించాడు. ఒక్క మాట తడబడలేదు. అంత బాగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ఆపలేకపోయాను. ఎలా ఆపాలో తెలియలేదు. ఆయనే ఆగాడు. నా మొహం చూశాడు. గుమ్మం వైపు చూశాడు.

"బావా," అన్నాడు. "నేను ఎవరి దిక్కు మాట్లాడిన?"

"అవతలోళ్ళ దిక్కు."

మంచం అంచున కూర్చున్నాడు. విరిగిన మోకాలు రెండు చేతులతోనూ పట్టుకున్నాడు.

"మంచిగ మాట్లాడిన్నా?"

"చాలా బాగా," అన్నాను.

లావణ్య లోపలికొచ్చి ఆయన పక్కన కూర్చుంది. దాన్ని చూడకుండానే అన్నాడు: "మొన్న నేనన్న మాట... అది గూడ గట్లనే అనుకో." అది తల ఊపింది. ఏ మాటో అడగలేదు. ఆయన నా వైపు తిరిగి, రేపు పొద్దున పెద్దమ్మను తోలుకొని కేపీహెచ్‌బీ పోదామన్నాడు. హద్దుల కేసుల్లో విశ్వేశ్వరరావుని మించినోడు ఆ కోర్టులో లేడన్నాడు. ఆయన దగ్గరికే ఎందుకని నేనడగలేదు. రాష్ట్రానికి హద్దులు గీయడానికి గేటు ముందు నిలబడిన మనిషి, ఒక ముసలామె వాకిలి హద్దు కోసం అదే గేటు నుంచి వెళ్ళగొట్టిన మనిషి ఇంటికి పోతానంటున్నాడు.

మర్నాడు పొద్దున కొమురమ్మతో మేం వెళ్ళేసరికి విశ్వేశ్వరరావుగారు ముందుగదిలోనే ఉన్నారు. మమ్మల్ని కూర్చోమన్నారు గానీ తను కూర్చోలేదు. బావ వచ్చిన పని చెప్పాడు. పాత వకీలు అభ్యంతరం లేదని రాసిస్తే తప్ప కొత్త వకీలు వకాలత్ వేయడానికి వీల్లేదు. ఆ రెండు ముక్కలు రాసివ్వడానికి కోర్టుల్లో నెలల తరబడి పంతాలు నడుస్తాయి. బావ అవి ఇక్కడే, ఇప్పుడే రాసిస్తానన్నాడు.

విశ్వేశ్వరరావుగారు కిటికీ బయటికి చూస్తూ విన్నారు.

"గేటు దగ్గర నన్నేమన్నారో గుర్తుందా అండీ?"

బావ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. నుదురు ముడిచి, కళ్ళు దించి, ఎక్కడో పోయిన వస్తువుని వెతుకుతున్నట్టు.

"యాదికి లేదు సార్," అన్నాడు చివరికి.

పెద్దాయన మొహం ఎర్రబడింది. "నేను మాత్రం మర్చిపోలేదండి. ఇంట్లో కూడా చెప్పుకోలేదు ఆ మాట. ముప్ఫై ఏళ్ళు తిరిగిన గేటండి అది."

"నేనేమన్ననో నాకు యాదికి లేదు. మీకు యాదున్నదంటే అన్నట్టే. తప్పయింది సార్."

విశ్వేశ్వరరావుగారు ఈ వైపు తిరిగారు. క్షమాపణ చెప్పేవాళ్ళని ఆయన చాలామందినే చూసి ఉంటారు, ఇలా చెప్పేవాణ్ణి చూసి ఉండరు. ఒక నిమిషం బావ మొహంలోకి చూసి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు.

అప్పటిదాకా గుమ్మం దగ్గర కింద కూర్చున్న కొమురమ్మ లేచింది. "నాకు గీ ఆంధ్ర వకీలొద్దు," అంది. "నువ్వే లేస్తనన్నవు. పండుగ నాడు చేతిల చెయ్యేసి అన్నవు. ఇగ ఇప్పుడు నన్ను ఎవరికో అప్పజెప్తవా? ఆ టవరోళ్ళు నిన్ను గూడ కొన్నరా కొడుకా?"

బావ నా వైపు చూశాడు. ఇన్నాళ్ళు కాపాడుకుంటూ వచ్చింది ఇది ఒక్కటే. పేపర్లో ఫొటో, భుజాల మీద ఊరేగింపు, ఐలయ్య లేస్తే జడ్జి సీదా కూర్చుంటాడన్న పేరు. అద్దాల మేడలు ఒక్కొక్కటే లేస్తున్న ఆ ఊళ్ళో ఆయనకంటూ ఉన్న ఆస్తి అదే.

"పెద్దమ్మా, ఎవ్వరు కొనలే," అన్నాడు. "నా తలకాయ పని చేస్తలేదు. మాట్లాడుకుంట మాట్లాడుకుంట మర్శిపోతున్న. నిన్న నీ కేసు నేనే నీకు ఉల్ట మాట్లాడిన. బావ ఇన్నడు. నేను లేస్తే నీ ఇల్లు పోతది."

కొమురమ్మ నన్ను చూసింది. అవునన్నాను. ఆమె నడిచి వచ్చి బావ తల మీద చేయి పెట్టింది, జ్వరం చూసినట్టు. అక్కడే ఉంచింది. విశ్వేశ్వరరావుగారు కళ్ళద్దాలు తీసి చాలాసేపు పంచె అంచుతో తుడిచారు.

"రాసిస్తే మీ పేరు కేసులోంచి పోతుందండి, ఐలయ్యగారూ," అన్నారు మెల్లగా.

"ఎరుకే సార్."

బావ రాశాడు. అక్షరాలు ఎప్పట్లాగే గుండ్రంగా, ఒత్తుగా ఉన్నాయి. సంతకం పెట్టి, పెన్ను ఎత్తి, ఇవాళ తారీఖెంత అని అడిగాడు. ఎవరైనా అడిగే మాటే అది. అయినా ముగ్గురం ఒక్కసారే చెప్పాం. తర్వాత ముగ్గురం మూడు వైపులకి చూశాం.

కేసు పిలిచే రోజు లావణ్య ఆఫీసుకి సెలవు పెట్టింది. సెలవు ఎందుకన్న చోట ఈసారి నిజమే రాసిందట. కోర్టు హాల్లో వెనక బల్ల మీద కొమురమ్మ, పక్కన బావ, ఆయన పక్కన లావణ్య, ఆ చివర నేను. బావ తెల్లచొక్కా వేసుకున్నాడు. కోటు లేదు. కోటు లేకుండా ఆ హాల్లో ఆయన్ని చూసిన వకీళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, అన్నా ఒంట్లో బాగలేదా అని అడిగిపోతున్నారు. హైటెక్ సిటీలో ఎడమ దిక్కు వంగిన చేవెళ్ళ వకీలు కూడా వచ్చాడు. విశ్వేశ్వరరావుగారి చేతిలో ఆ కాగితాలు చూసి ఏదో అనబోయి, బావ మొహం చూసి ఆగిపోయాడు.

బంట్రోతు కేసు నంబరు పిలిచాడు. కొమురమ్మ పేరు పిలిచాడు.

విశ్వేశ్వరరావుగారు లేచారు. ఇక్కడ, వెనక బల్ల మీద, బావ కూడా లేచాడు. చేతులు కోటు అంచులు వెతుక్కున్నాయి. మోకాలి మీద కొద్దిగా పక్కకి ఒరిగి, గడ్డం పైకెత్తి, నిటారుగా నిలబడ్డాడు. జడ్జిగారు తల ఎత్తి ముందున్న మనిషిని చూశారు, వెనకున్న మనిషిని చూశారు. విశ్వేశ్వరరావుగారు వెనక్కి తిరిగి చూసి, మాట మొదలుపెట్టకుండా అలాగే నిలబడ్డారు.

లావణ్య ఆయన్ని ముట్టుకోలేదు. కొమురమ్మ చేయి చాపి చొక్కా అంచు పట్టుకుంది.

"కూసో కొడుకా," అంది. "ఆయన మాట్లాడ్తడు. మనం ఇందాం."

బావ ఆమె వైపు చూశాడు. తర్వాత ముందున్న నల్లకోటు వీపు వైపు చూశాడు. కూర్చున్నాడు.

విశ్వేశ్వరరావుగారు గొంతు సవరించుకుని, ఊరి నక్షా తెరిచారు.